పిన్ని దాచుకుంది, అమ్మాయి చెప్పేసింది

కృష్ణా పుష్కరాలు అయిన మరుసటి ఏడాది, అంటే 2005. దసరా సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. బీటెక్ రెండో సంవత్సరం, పంతొమ్మిదేళ్లు. మా తెనాలిలో సెల్‌ఫోన్ ఇంటికొకటి చొప్పున వస్తున్న రోజులవి. మావారి దగ్గర నోకియా 1100 ఉండేది. మినప్పప్పు మిల్లులో గుమాస్తా కాబట్టి, ఆ ఫోన్‌కున్న టార్చిలైటే గోడౌన్‌లో ఆయనకి ఎక్కువ పనికొచ్చేది. అమ్మాయి మాత్రం హాస్టల్లో ఉన్న కాయిన్ బాక్సు నుంచి ఆదివారాలు చేసేది. వెనకాల లైన్లో పదిమంది నిలబడి ఉంటే ఏ పిల్లయినా ఏం చెప్తుంది? "బాగున్నా, తిన్నా, పంపించిన సున్నుండలు అయిపోయాయి", అంతే.

పండగ ముందు రోజు తలంటు పోస్తూ వీపు రుద్దుతుంటే చెప్పింది. "అమ్మా, ఎడమ రొమ్ములో చిన్న గడ్డ తగుల్తోంది. నొప్పేం లేదు. వేసవి సెలవులప్పుడే చూశా, పోతుందిలే అనుకున్నా. పోలేదు."

కుంకుడు రసం కళ్లలో పడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. చూపించమంటే చూపించింది. కందిగింజకి పెద్దది, ఉసిరికాయకి చిన్నది. నేను వేలితో నొక్కితే పక్కకి జరిగింది. "ఎవరికైనా చెప్పావా?" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అదే. "మా రూమ్మేట్‌కి చెప్పా. వాళ్లక్కకి కూడా ఉందంట" అంది.

నాకు మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్నిది రేపల్లె దగ్గర పల్లెటూరు. నేను ఇంటర్ చదివేటప్పటి సంగతి, డెబ్బైల చివర్లో. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. గడ్డ ఉందని తెలిసి ఏడాది పైగా ఎవరికీ చెప్పలేదు. బాబాయికీ చెప్పలేదు, అక్క అయిన మా అమ్మకీ చెప్పలేదు. పైట కిందే దాచుకుంది. పుండుపడి, జాకెట్టుకి తడి అంటుకుంటే కోడలు చూసి బయటపెట్టింది. అప్పుడు మద్రాసు తీసుకెళ్లారు, అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి. ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఆ కాలంలో మా కోస్తా జిల్లాల వాళ్లకి క్యాన్సర్ అంటే అడయారే. సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి తెనాలి స్టేషన్‌కి మేమంతా వెళ్లాం. ఎందుకు వెళ్తోందో పిల్లలకి చెప్పలేదు. "పిన్నికి గుండె జబ్బు" అన్నారు. మాకే కాదు, ఊరందరికీ అదే చెప్పారు.

ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టించుకుని తిరిగొచ్చింది. రేడియేషన్‌ని మా ఇళ్లలో కరెంటు పెట్టడం అనేవాళ్లు. ఎడమ చెయ్యి వాచి, బరువుగా వేలాడేది. చంకలో ఉండే గ్రంథుల్ని కూడా తీసేస్తే చేతిలోని నీరు ఒంట్లోకి తిరిగి వెళ్లే దారి పోతుందని, అందుకే ఆ వాపని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పేరంటానికి పిలిస్తే వచ్చేది కాదు. వస్తే ఆ చెయ్యి కొంగు కింద పెట్టుకునేది. రెండేళ్లు బతికింది. పోయినప్పుడు కూడా కార్డు మీద రాసిన మాట "గుండె జబ్బుతో" అనే.

ఇప్పుడు ఆలోచిస్తే పిన్నిని చంపింది సగం జబ్బు, సగం ఆ దాపరికం. కానీ ఆ రోజు పెరట్లో నాకు అంత విడమర్చి ఆలోచించే ఓపిక లేదు. మా పుట్టింటి రక్తంలో ఉన్నది నా కూతురికి వచ్చిందన్న ఒక్కటే మెదడులో తిరిగింది.

మా అత్తగారికి వయసైనా చెవులు బాగా పని చేసేవి. పెరట్లో మాటలు విని, సాయంత్రానికల్లా ఆముదపు ఆకు వెచ్చచేసి పట్టుకొచ్చారు. "కాపడం పెడితే కరుగుతుందమ్మాయ్, పెళ్లికాని పిల్లని డాక్టర్ల చుట్టూ తిప్పుతారా" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. ఆవిడకి తెలిసిన వైద్యం అది, ప్రేమగానే తెచ్చారు. పక్క వీధిలో ఉండే మా వదిన మాత్రం వేరే మాట చెప్పింది. "చూపించు, కానీ తెనాలిలో వద్దు. ఇక్కడ ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కినా రేపు సంబంధాలు చూసేవాళ్లకి తెలుస్తుంది." సిగ్గు లేకుండా చెప్తున్నా, ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. పండగ వెళ్లగానే గుంటూరు బయల్దేరాం.

గుంటూరు కొత్తపేట సంగతి మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. వీధంతా ఆసుపత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు. పల్లెల నుంచి బస్సు దిగిన వాళ్లు చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకుని గుమ్మం గుమ్మం దగ్గర బోర్డులు చదువుకుంటూ నడుస్తుంటారు. మేమూ అలాగే నడిచాం. మావారు రెండడుగులు ముందు, మేమిద్దరం వెనక. ఆయనకి నేను చెప్పింది ఒక్క ముక్కే, "అమ్మాయికి గడ్డ ఉంది, చూపించాలి" అని. ఎక్కడ అని ఆయన అడగలేదు. నా మొహం చూసి అర్థం చేసుకున్నారు.

ముందు లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇలాంటిదేదైనా ఆడపిల్లకి వస్తే గైనకాలజిస్టు దగ్గరికి పరిగెత్తడం మన అలవాటు. ఆవిడ చూసి, ఇది నా పని కాదు, సర్జన్‌కి చూపించండి అని చీటీ రాశారు. ఆ చీటీ పట్టుకుని వెళ్లిన మొదటి సర్జన్ రెండు నిమిషాలు చూశాడు. "రేపు అడ్మిట్ చేయండి, తీసేసి టెస్టుకి పంపుదాం" అన్నాడు. క్యాన్సరా అని నేనే అడిగాను. "తీస్తేగానీ చెప్పలేం" అని తర్వాతి పేషెంటుని పిలిచాడు.

ఆ ఒక్క వాక్యం మోసుకుని ఆ రాత్రి రైల్లో తిరిగొచ్చాం. సంగంజాగర్లమూడిలో బండి ఆగిపోయి ఎంతకీ కదల్లేదు. అమ్మాయి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. మావారు జేబులోంచి రుమాలు తీస్తుంటే ఒక కాగితం ముక్క కింద పడింది. హైదరాబాదు బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి అడ్రసు, మిల్లులో ఎవరినో అడిగి రాయించుకున్నారు. రామారావు గారి భార్య పేరు మీద కట్టిన ఆ ఆసుపత్రి 2000లో మొదలైంది. అప్పటి నుంచి మా వైపు వాళ్లు అడయారు బదులు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆయన కాగితం తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. నేను చూశానని ఆయనకి తెలుసు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఏం లేదులే అని నేను ఆయనకి, ఆయన నాకు చెప్పుకుని ఉంటే బాగుండేదేమో. మా తరంలో మొగుడూ పెళ్లాలకి అలాంటి మాటలు రావు.

ఇంటికొచ్చాక అమ్మాయి ఏం చేసిందో తెలుసా? పొద్దున్నే బోస్ రోడ్డులో ఉన్న నెట్ సెంటర్‌కి వెళ్లి, గంటసేపు కూర్చుని నోట్‌బుక్కులో రాసుకొచ్చింది. లెక్చర్ నోట్సులాగే మార్జిన్ కొట్టి మరీ. "అమ్మా, నా వయసులో వచ్చే గడ్డల్లో చాలావరకు ఫైబ్రోఅడినోమా అట, క్యాన్సర్ కాదట. కోసే ముందు అల్ట్రాసౌండ్ చెయ్యాలట. ఆయన అదే అడగలేదు. ఇంకొకరికి చూపిద్దాం" అంది. నాకు నమ్మకం కుదర్లేదు. కంప్యూటర్‌లో రాసింది చూసి వైద్యం చేసుకుంటామా అన్నాను. "నువ్వు పిన్ని అమ్మమ్మని చూసి చేస్తున్నావుగా" అని తిప్పికొట్టింది.

నేను పనిచేసే మునిసిపల్ స్కూల్లో ఒక టీచర్ గారి తమ్ముడు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివాడు. వాళ్ల మాస్టారు ఒకాయన, పెద్ద వయసు సర్జన్, సాయంత్రాలు ఇంట్లోనే చూస్తారని చెప్పాడు. మళ్లీ కొత్తపేట.

ఈయన దగ్గర మొదటే ఒక తేడా కనిపించింది. నేను చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపి, "అమ్మాయిని చెప్పనివ్వండి" అన్నారు. ఎప్పుడు చూశావు, పెరిగిందా, నెలసరికి ముందు నొప్పి వస్తుందా, చనుమొన నుంచి ఏమైనా కారుతోందా అని దాన్నే అడిగారు. అది టకటకా చెప్పింది. నర్సుని పక్కన నిలబెట్టి పరీక్ష చేశారు, చంకలో కూడా చూశారు. చేతులు కడుక్కుంటూ, "పట్టుకుందామంటే దొరకట్లేదు కదూ?" అని అడిగారు. అవునంది. "అందుకే మా సర్జన్లు దీన్ని ఎలుక అంటారు. వేలికింద పెడితే తుర్రుమంటుంది. క్యాన్సర్ గడ్డ సాధారణంగా ఇలా ఆడదు. రాయిలా ఉండి పక్కనున్న కండని, చర్మాన్ని పట్టుకుని లాగుతుంది" అన్నారు. అమ్మాయి నవ్వింది. వారం రోజుల్లో మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

అప్పుడు నేను పిన్ని సంగతి చెప్పాను. బయటివాళ్ల ముందు అసలు జబ్బు పేరు పెట్టి చెప్పడం నాకదే మొదటిసారి. మావారికి కూడా అంతకుముందు "గుండె జబ్బు" అనే చెప్పి ఉన్నాను మరి. ఆయన నా వైపు తిరిగి చూశారు, ఏమీ అనలేదు. డాక్టర్ గారు కాగితం మీద చిన్న వంశవృక్షం గీశారు. మీ అమ్మగారికి ఉందా, అక్కచెల్లెళ్లకి ఉందా, మీకు ఉందా? లేదు. ఆవిడకి ఎన్నేళ్లప్పుడు వచ్చింది? యాభై దాటాక. "అయితే అది మీ అమ్మాయి వరకు రావాలంటే చాలా దూరం. ఈ క్యాన్సర్ వచ్చిన వందమందిలో ఐదు నుంచి పదిమందికే రక్తంతో వచ్చే రకం. అలాంటి కుటుంబాల్లో చిన్న వయసులోనే, ఒకరి తర్వాత ఒకరికి వస్తుంటుంది" అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి, "అసలు చూపించుకోవాల్సిన వయసు ఆ అమ్మాయిది కాదు, మీది. మీరెప్పుడైనా చూపించుకున్నారా?" అని అడిగారు. నాకప్పుడు నలభై అయిదు. జవాబు ఏముంది చెప్పడానికి.

అల్ట్రాసౌండ్ పక్క వీధిలోనే చేయించాం. మామోగ్రామ్ ఎందుకు రాయలేదని అమ్మాయి అడిగితే, ఈ వయసులో రొమ్ము కండ చిక్కగా ఉంటుంది, ఆ ఫిల్ము మీద అంతా తెల్లగా పడుతుంది, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది, ఏది ఏదో తెలియదు అని చెప్పారు. స్కాన్ చేసింది మగ డాక్టరే. నేను ఇబ్బంది పడ్డాను, అది పడలేదు. రిపోర్టులో పద్దెనిమిది మిల్లీమీటర్లు అని ఉంది. దాని కింద "లీజన్" (మామూలుకి తేడాగా ఉన్న భాగం అని మాత్రమే దానర్థం) అనే మాట చూసి నా ప్రాణం పోయినంత పనైంది. అంచులు నున్నగా ఉన్నాయని దానికి ముందే రాసి ఉంది, అది నా కంటికి ఆనలేదు. తర్వాత సన్న సూదితో చిన్న నీడిల్ టెస్టు. ఇంజెక్షన్ అంత నొప్పే. ఆ సూదిలోకి వచ్చిన కణాల్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూస్తారు. రిపోర్టు మర్నాడు సాయంత్రం అన్నారు.

ఆ మధ్యలో ఒక రాత్రి ఉంది. వైకుంఠపురం వేంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. ఇంకా ఎవరెవరికి మొక్కానో మొత్తం గుర్తులేదు, కొన్ని తీర్చలేదేమోనని ఇప్పటికీ అనుమానం. మావారు మిల్లు చిట్టా తెచ్చుకుని లెక్క వేస్తూ కూర్చున్నారు. ఒకే పేజీ. కూడతారు, కొట్టేస్తారు, మళ్లీ కూడతారు. అర్ధరాత్రి దాటాక నేను వెళ్లి పుస్తకం మూసేశాను. అమ్మాయి మాత్రం పక్క గదిలో రేడియో పెట్టుకుని, మిడ్ పరీక్షకి చదువుకుంటోంది.

ఫైబ్రోఅడినోమా. క్యాన్సర్ కణాలు లేవు. ఆ కాగితం చూసి డాక్టర్ గారు ఇంకో పావుగంట కూర్చోబెట్టి చెప్పారు. ఒంట్లో ఆడ హార్మోన్లకి రొమ్ములోని ఒక చిన్న భాగం కాస్త ఎక్కువగా స్పందించి పెరిగితే ఇది వస్తుంది. వేసుకునే బట్టల వల్ల కాదు, తిండి వల్ల కాదు, సెల్‌ఫోన్ వల్ల అసలే కాదు. (ఈ మూడూ హాస్టల్లో పిల్లలు చెప్పుకున్నవే.) కొన్ని వాటంతటవే చిన్నవవుతాయి, చాలా అలాగే ఉండిపోతాయి. మూడు సెంటీమీటర్లు దాటినా, గబగబా పెరిగినా, అమ్మాయికే మనసులో పీకుతున్నా తీసేద్దాం. లేదంటే ఆరు నెలలకి స్కాన్ చేసి చూద్దాం. కాపడాలు పెట్టొద్దు, నలపొద్దు. నెలసరి మొదలైన వారం, పది రోజులకి నెలకోసారి చేత్తో చూసుకోమని దానికి నేర్పించారు. "నాకు కూడా నేర్పండి" అనడానికి నోరు రాలేదు. ఇంటికి వెళ్లే దారిలో బస్సులో అమ్మాయే నేర్పింది, గుసగుసగా, నందివెలుగు దాటేలోపే.

"తీయించేద్దాం, పీడా పోతుంది" అని నేను పట్టుబట్టాను. అది వద్దంది. మావారు అప్పటిదాకా ఒక్కమాట మాట్లాడని మనిషి, "దాని ఒళ్లు, దాన్నే అడుగు" అన్నారు. ఆ మాట మా ఇంట్లో చాలా పెద్ద మాట, 2005లో.

ఆరు నెలలకి అలాగే ఉంది. ఏడాదికీ అంతే. చదువైంది, హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది, సంబంధాలు మొదలయ్యాయి. మా వదిన మళ్లీ ప్రత్యక్షం, ఆ సంగతి ఎత్తొద్దని. అమ్మాయి పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయితో మేడ మీద పది నిమిషాలు మాట్లాడి దిగింది. ఏం మాట్లాడుకున్నారే అంటే, "గడ్డ సంగతి చెప్పా. తనకి కిడ్నీలో రాయి ఉందట" అంది. అతనే మా అల్లుడు.

వాళ్లు డల్లాస్‌లో ఉండగా కడుపుతో ఉన్నప్పుడు ఆ గడ్డ కాస్త పెరిగింది. గర్భంలో హార్మోన్లకి అలా పెరగడం మామూలేనట. అక్కడి డాక్టరు పాత రిపోర్టులు ఉన్నాయా అని అడిగిందట. బీరువాలో పట్టుచీరల కింద గుంటూరు ఫిల్ములు పెట్టి ఉంచాను కాబట్టి ఫొటోలు తీసి పంపించాం. బిడ్డకి పాలివ్వడానికి ఏ అడ్డూ లేదన్నారు, ఏడాదిన్నర ఇచ్చింది. మాన్పించాక చూస్తే, పంతొమ్మిదేళ్లప్పటికంటే చిన్నదైపోయింది. ఇప్పుడు వెతికితేగానీ దొరకదంటుంది.

మునిసిపల్ స్కూల్లో నా ఉద్యోగం ఆఖరి సంవత్సరాల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల తల్లులు నా దగ్గరికి ఈ సంగతులు పట్టుకొచ్చేవాళ్లు. స్టాఫ్ రూములో టీచర్లంతా వెళ్లేదాకా ఆగి, "మేడమ్, పాపకి ఒక పక్కే గట్టిగా గడ్డ కట్టింది, ముట్టుకుంటే నొప్పంటోంది" అని. పాపకి తొమ్మిదేళ్లో, పదేళ్లో ఉంటాయి. అది జబ్బు కాదు, ఎదుగుదల. ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. చాలామందికి ముందు ఒక పక్కే మొదలై, కొన్ని నెలలకి రెండో పక్క వస్తుంది. ఎనిమిది నిండకుండా కనిపిస్తే, లేదా ఎర్రబడి జ్వరం వస్తే పిల్లల డాక్టర్‌కి చూపించమనేదాన్ని. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పేదాన్ని. తొందరపడి ఎవరైనా కోస్తామన్నా, సూది గుచ్చుతామన్నా ఒప్పుకోవద్దని. ఆ చిన్న మొగ్గని తీసేస్తే ఆ వైపు రొమ్ము ఇక ఎదగదు. ఇది కూడా ఆ పెద్ద సర్జన్ గారు చెప్పిందే. తర్వాత ఇంకో పిల్లల డాక్టర్‌ని కూడా అడిగి రూఢి చేసుకున్నాను.

ఇక నా సంగతి. కొత్తపేటలో ఆయన అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పకపోయినా, అమ్మాయి వదల్లేదు. ప్రతి అక్టోబరులో అమెరికా నుంచి ఫోన్ వస్తుంది, "చేయించుకున్నావా?" అని. మొదట్లో ఏదో ఒక వంక చెప్పేదాన్ని. తర్వాత మావారే బండి మీద తీసుకెళ్లడం మొదలుపెట్టారు. లోపలికి నేను వెళ్తే, బయట బెంచీ మీద పేపరు పట్టుకుని కూర్చుంటారు.

పోయిన అక్టోబరులో అది ఫోన్ చేసినప్పుడు నేను గుళ్లో ఉన్నాను. ఈయన ఎత్తారు. వీధి అరుగు మీద చీటీపాట లెక్కలు చూస్తున్న మగవాళ్ల మధ్యలో కూర్చుని, చెవి సరిగా వినపడదు కాబట్టి గట్టిగా, "మీ అమ్మకి మామోగ్రామ్ అయిందమ్మా, ఏం లేదన్నారు, రిపోర్టు వాట్సాప్‌లో పెడతా" అన్నారట. నేను తిరిగొచ్చేసరికి పక్కింటాయన ఇంకా అక్కడే ఉన్నాడు. వాళ్లావిడ యాభై దాటినా ఒక్కసారీ చూపించుకోలేదట. అది ఎక్కడ తీస్తారు, ఎంత తీసుకుంటారు అని అడిగి, ఈయన దగ్గర అడ్రసు రాయించుకుంటున్నాడు.